చర్చి బత్తాయి

ఆ శనివారం పొద్దున మా ఇంట్లో ఏడుగురం ఉన్నాం. వసారాలో నులక మంచం మీద నాన్న. ఆయన పక్కనే, ఎప్పటిలాగే ఆయన కండువా కొస మీద కూర్చుని, ఆయన స్నేహితుడు బుడాన్ మావయ్య. ఎదురుగా మడత కుర్చీలో మొక్కల డాక్టరు చెంచురామయ్య గారు. గడప లోపల చేటలో మిరపకాయల తొడిమలు తీస్తూ నాయనమ్మ. వంటింట్లో అమ్మ. కిటికీ దగ్గర మిషన్ స్కూలు పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతూ జయకుమారి అక్క. తలుపు వెనక నేను.

ఆ ఏడుగురిలో నిజం తెలిసినవాళ్ళు ముగ్గురు. నేను మాత్రం ఇద్దరమే అనుకున్నాను, నాన్నా నేనూ.

చెంచురామయ్య గారు ఇరవై రోజుల కిందట బుడాన్ మావయ్య తోటకు వచ్చి, ఆకులూ కాయలూ కోసి, కాగితాల్లో చుట్టి పరీక్షకు తీసుకెళ్ళారు. సంగతి తేల్చుకుని వస్తానన్న మనిషి ఆవేళ వచ్చారు. తోటకు వెళ్ళకుండా మా ఇంటికే ఎందుకు వచ్చారంటే, ఆ తోటలోని మూడు వందల బత్తాయి చెట్లూ మా నాన్న జక్రయ్య అంటు కట్టిన మొక్కలే.

మా ఊళ్ళో అంతా పత్తీ, మిరపా వేస్తారు. అయిదేళ్ళ కిందట, మిరప వరసగా రెండుసార్లు పోయాక, బుడాన్ మావయ్య సాగరు కాలవ పక్కన ఉన్న మూడెకరాల్లో బత్తాయి పెడతానన్నాడు. నువ్వు కట్టిన మొక్కయితేనే నాటుతానురా అని నాన్న చేతిలో చెయ్యి వేశాడు. ఊరంతా నవ్వింది. తరవాత తెల్లదోమ వచ్చి పత్తిని ఊడ్చేసినప్పుడు, ఆ నవ్వినవాళ్ళే సాయంత్రాలు మావయ్య తోట గట్టు మీద నిలబడి చూసి వెళ్ళేవాళ్ళు. ఈ ఏడు మొదటి కాపు. కాయలు ఒక పక్క లావుగా, ఒక పక్క నొక్కుకుపోయి ఉన్నాయి. పైన రంగు తిరిగినా అడుగు ఆకుపచ్చగానే ఉంది. కోస్తే గింజలు మాడిపోయి ఉన్నాయి. రసం చేదు.

నాయనమ్మ డాక్టరు గారికి మజ్జిగ ఇప్పించి, గుమ్మం ముందు ఆగిన జీపును ఓసారి తేరిపార చూసింది. ఆ తరవాత, అంత చిన్న పురుగును వెతకడానికి ఇంత పెద్ద బండి ఎందుకు బాబూ అని అడిగింది. ఆయన నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, సంచిలోంచి ఒక ఆకు తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు.

ఈనెకు ఇటు పక్క పసుపు ఒక తీరుగా, అటు పక్క ఇంకో తీరుగా మచ్చలు మచ్చలుగా ఉంది. ఎరువు చాలని ఆకైతే రెండు పక్కలా ఒకేలా పసుపు తిరుగుతుందట. ఇలా పొంతన లేకుండా ఉంటే అది తెగులట. పేరు గ్రీనింగు. కంటికి కనపడని బాక్టీరియా చెట్టు నరాల్లో చేరి ఆహారం పారే దారులు మూసేస్తుంది. చెట్టు ఒక్కసారి చావదు, కొమ్మ కొమ్మగా చస్తుంది. మందు లేదు. సూది మందు ఎక్కిస్తే కొన్నాళ్ళు ఆగినట్టు ఉంటుంది గానీ పోదు. పీకి తగలబెట్టడమే.

బుడాన్ మావయ్య నాన్న కండువా కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉన్నాడు.

ఇది రెండు దారుల్లో వస్తుందన్నారు డాక్టరు గారు. ఒకటి, తెగులు ఉన్న చెట్టు నుంచి కన్ను, అంటే చిగురు మొగ్గ ఉన్న పుల్ల, తీసి అంటు కడితే, ఆ మొక్క పుట్టుకతోనే తెగులుతో పుడుతుంది. రెండోది ఒక పురుగు. నువ్వు గింజంత ఉంటుంది. లేత చిగుళ్ళ మీద వాలి, తల కిందికి వంచి, వెనక భాగం పైకి ఎత్తి రసం పీలుస్తుంది. ఒక చెట్టు జబ్బును ఇంకో చెట్టుకు మోసేది అదే. ఆయన అరచెయ్యి ఏటవాలుగా పెట్టి అది ఎలా కూర్చుంటుందో చూపించారు.

ఆ పురుగును నేను చాలాసార్లు చూశాను. దానికి పేరు పెట్టింది కూడా నేనే.

మా చర్చి ఆవరణలో ఒక బత్తాయి చెట్టు ఉంది. ఎప్పుడో ఒక దొరసాని నాటిందంటారు. ఆ కాయలు ఎవరూ అమ్మరు, తినరు. ఊళ్ళో ఏ మతంవాళ్ళకు జబ్బు చేసినా, ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళ ఇంటికి రెండు కాయలు వెళతాయి. బుడాన్ మావయ్య వాళ్ళ నాన్న పోయేముందు ఆఖరుగా మింగింది ఆ కాయ రసమే. రోగుల నోట్లోకి పోయే కాయ కాబట్టి ఆ చెట్టుకు పురుగుమందు కొట్టకూడదని సంఘంలో ఒక కట్టుబాటు. కత్తి కూడా తాకకూడదు. మందు లేదు కాబట్టి పురుగులన్నీ దాని మీదే కాపురం పెట్టాయి. చిగుళ్ళ మీద వరసగా, మోకాళ్ళూని తల వాల్చినట్టు కూర్చునేవి. నేను చిన్నప్పుడు వాటిని ప్రార్థన పురుగులు అనేదాన్ని. నాయనమ్మ ముచ్చటపడి, దేవుడి చెట్టు మీది పురుగులకు కూడా భక్తి ఉందే అని చర్చిలో అందరికీ చెప్పింది. అప్పటి నుంచి పిల్లలెవరూ వాటిని నలపలేదు.

నాన్న సంఘపెద్ద. శనివారం పూట చర్చి ఊడ్చి, బల్లలు తుడిచే పని మా ఇద్దరిదీ. పని అయ్యాక ఆయన గేటు దగ్గరికి వేసి, జేబులోంచి అంటుకత్తి తీసేవాడు. చర్చి బత్తాయంత తీపి ఎక్కడా లేదు. ఒక ఏడు ప్రభుత్వ ఫారం నుంచి తెచ్చిన పుల్లలు బస్సులో ఎండిపోతే, మొదటిసారి ఇక్కడ కోశాడు. ఆ మొక్కలు బాగా వచ్చాయి. ఆ తరవాత ఏడాదీ ఇక్కడే. ఆ తరవాత ఇక ఫారానికి వెళ్ళనేలేదు. ఆయన కోసి ఇస్తుంటే నేను ఆకులు తుంచి, పుల్లల్ని తడి గోనెలో చుట్టి బుట్టలో పెట్టేదాన్ని. ఎవరికీ చెప్పొద్దురా తల్లీ అనేవాడు. నాన్నకూ నాకూ మధ్య ఒక రహస్యం ఉందని నాకెంత గర్వంగా ఉండేదో. ఆ గర్వం ఆపుకోలేక డైరీలో రాసుకునేదాన్ని.

ఆ చెట్టుకు ఒక పక్క కొమ్మ ఎప్పటి నుంచో పసుపుగానే ఉంది. ముసలిదైంది అనేవాడు నాన్న.

చెంచురామయ్య గారు ఆకును కాగితంలో చుట్టి, నాన్న వైపు తిరిగి అడిగారు. మొక్కలకు కన్ను ఎక్కడి నుంచి తెచ్చారు అని.

"ఫారం నుంచేనండి," అన్నాడు నాన్న. "ప్రతి ఏడూ అక్కడి పుల్లలే."

ఆయన ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, నేను రాసుకున్నదంతా కలేమోనని.

మరి మూడు వందల చెట్లకు ఎలా వచ్చింది అన్నారు డాక్టరు గారు. నాన్న, తోట చుట్టూ కంచె పక్కన పన్నెండు నిమ్మ మొక్కలు ఉన్నాయి చూశారా అన్నాడు. నాలుగేళ్ళ కిందట సైకిలు మీద మొక్కలు అమ్ముకునేవాడి దగ్గర మావయ్య కొన్నాడవి. అవి ఎక్కడివో, ఏ చెట్టువో ఎవరికీ తెలియదు. తెగులు వాటితో వచ్చి ఉంటుందన్నాడు.

బుడాన్ మావయ్య మంచం మీద నుంచి లేవలేదు. మెల్లగా నాన్న కండువా కొస మీద నుంచి పక్కకు జరిగాడు, అంతే.

"ఒరేయ్ జక్రయ్యా, ఆ సైకిలు దగ్గర నువ్వూ ఉన్నావు గదరా. వేర్లు పట్టి చూసి, మంచి మొక్కలే తీసుకో అంది నువ్వే."

"ఉన్నాను. వేరు చూశాను. లోపలి జబ్బు నాకెట్లా కనపడుద్దిరా?"

అది నిజమే. నాన్న ఆ ఉదయం చెప్పిన ఒకే ఒక్క నిజం అది. అందుకే మావయ్య దాన్ని నమ్మాడు. ఆయన ముఖం మీద కోపం రావడం, వచ్చిన దారినే పోవడం నేను తలుపు సందులోంచి చూశాను. కోపం పోయిన చోట సిగ్గు వచ్చింది. తన మూడు వందల చెట్లనూ తనే చంపుకున్నానని ఆ క్షణంలోనే అనుకుని ఉంటాడు.

ఆ తరవాత మావయ్య అడిగింది తన తోట గురించి కాదు. ఆయన బావమరిది హయాత్ దర్శి దగ్గర కొత్తగా నాలుగు ఎకరాలు దున్నించాడు. మా దొడ్లో పెరుగుతున్న నాలుగు వందల మొక్కలూ సోమవారం ట్రాక్టరు మీద అక్కడికి వెళ్ళాలి. వాటి మాటేమిటని అడిగాడు. చూడడానికి పచ్చగా, నిగనిగలాడుతూ ఉన్నాయి గదా అన్నాడు.

చిన్న మొక్క పచ్చగానే ఉంటుందన్నారు డాక్టరు గారు. లోపల జబ్బున్నా బయటపడడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఫారం పుల్లలైతే మాత్రం పరీక్షించిన చెట్లవి, నిశ్చింతగా నాటుకోవచ్చు. ఫారంలో పుల్లలు తీసుకున్నట్టు చీటీ ఏమన్నా ఉందా అని నాన్నను అడిగారు.

"చీటీలు ఎవరు దాస్తారండీ, వానకు తడిసి పోయాయి," అన్నాడు నాన్న. తరవాత తల తిప్పకుండానే, నేను ఎక్కడున్నానో ఆయనకు ముందే తెలిసినట్టు, "మా చిన్నదాన్ని అడగండి. పుల్లలు గోనెలో చుట్టేది అదే. దేవకుమారి అబద్ధం ఆడదు," అన్నాడు.

"ఆ మాట నిజమేనండి," అన్నాడు బుడాన్ మావయ్య. "మా అమ్మాయి జోహరాతో ఒకటో తరగతి నుంచీ చదువుతోంది. ఆ పిల్ల నోట అబద్ధం రాదు. ఇట్రా అమ్మా."

నేను తలుపు వెనక నుంచి వచ్చాను. కొత్తవాళ్ళ ముందు నాకు మాట రాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. బళ్ళో హాజరు పిలిచినా నా గొంతు మూడో బల్ల దాటదు. నాన్నకు అది అందరికంటే బాగా తెలుసు. ఆయన అబద్ధం చెప్పమని నాకు ముందుగా చెప్పలేదు, కళ్ళతో సైగ చెయ్యలేదు. నోరు తెరవలేని పిల్లనని, ఆయన కూతుర్నని, ఆ రెండింటినే నమ్ముకున్నాడు.

డాక్టరు గారు చాలా మెత్తగా అడిగారు. "పుల్లలు ఫారం నుంచే వచ్చేవా తల్లీ?"

మావయ్య నా వైపే చూస్తున్నాడు. కిటికీ దగ్గర అక్క కలం ఆగింది. నాయనమ్మ చేతిలో తొడిమ తియ్యని మిరపకాయ ఉంది. నేను వాళ్ళెవరినీ చూడలేదు. నాన్న చేతుల్ని చూశాను. అంటు కట్టి కట్టి కుడి బొటనవేలు గోరు పక్కన కాయ కాచిన చెయ్యి. నాకు జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద ఉండే చెయ్యి. ఆ వేళ్ళు ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

నేను తల ఊపాను.

చెంచురామయ్య గారు పుస్తకంలో ఏదో రాసుకున్నారు. జీపు వెళ్ళిపోయింది. మావయ్య వెళుతూ వెళుతూ, హయాత్‌కు ఇప్పుడే కబురు పంపుతాను, సోమవారం మొక్కలు ధైర్యంగా తీసుకెళ్ళమని అన్నాడు. చెప్పులు వేసుకుని, మళ్ళీ వెనక్కి తిరిగి, "ఏమనుకోకురా, నీ మీద ఓ మాట తూలాను," అని నాన్నకు చెప్పి వెళ్ళాడు.

ఆయన కనుమరుగయ్యాక నాన్న నా తల మీద చెయ్యి వేశాడు. "మంచి తల్లివి," అన్నాడు. నేను దొడ్లోకి పరుగెత్తాను. ఎదురుగా నాలుగు వందల మొక్కలు, ఒక్కో ఆకూ నూనె రాసినట్టు మెరుస్తూ ఉన్నాయి.

నోటితో చెప్పలేకపోయినా చూపించగలను అని అక్కడే అనుకున్నాను. నా డైరీ ఉంది. మావయ్య చేతికి ఇచ్చి, ఒక్క మాటా మాట్లాడకుండా వచ్చేస్తే చాలు. అయిదో తరగతిలో రాసిన పేజీ నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "ఈ రోజు శనివారం. నాన్న చర్చి చెట్టు పుల్లలు కోశాడు. బుడాన్ మావయ్య తోటకి. ప్రార్థన పురుగులు చాలా ఉన్నాయి. ఊదితే ఎగిరాయి. ఎవరికీ చెప్పకూడదు." అలాంటి పేజీలు ఏడాదికొకటి ఉన్నాయి. ఇప్పుడు దొడ్లో ఉన్న మొక్కల పేజీ కూడా ఉంది.

కుట్టుమిషను కింద అరలో, గుడ్డపీలికల అడుగున దాచిన డైరీ అక్కడే ఉంది. తెరిచాను. అయిదో తరగతి పేజీ లేదు. చింపలేదు, కుట్టు దగ్గర గీత గీసినట్టు కోశారు. అలా కోసేది అంటుకత్తి ఒక్కటే. తిరగేశాను. అయిదు చోట్ల అయిదు పేజీలు లేవు. మిగతావన్నీ భద్రంగా ఉన్నాయి. నేను పరీక్షలో తప్పినప్పుడు ఏడుస్తూ రాసిన పేజీ, జోహరా నాకు గోరింటాకు పెట్టిన రోజు పేజీ, అన్నీ.

ఆ అర సంగతి ఇంట్లో ఒక్కరికే తెలుసు. పదేళ్ళ వయసులో నా చేతికి ఆ పుస్తకం ఇచ్చి, రోజూ నాలుగు ముక్కలు రాసుకో, మాట రానివాళ్ళకు రాత ఉంటుంది, కానీ ఇందులో మాత్రం అబద్ధం రాయకు అని చెప్పిన మనిషికి.

అక్క కిటికీ దగ్గరే ఉంది. ఎర్ర సిరాతో దిద్దుతూనే ఉంది. నేను డైరీ తెరిచి ఆమె ముందు పెట్టాను.

"నిన్ననే తీశాను," అంది తల ఎత్తకుండా. "నాన్న అడగలేదు. పుస్తకం నేనే ఆయనకు ఇచ్చాను."

ఎందుకో నేను అడగకుండానే చెప్పింది. చర్చి చెట్టు మీద కత్తి పెట్టాడని తెలిస్తే నాన్న సంఘపెద్దగా ఉండడు. మిషన్ స్కూల్లో తనను పర్మనెంటు చేసే కాగితం ఆ సంఘం చేతుల్లోనే ఉంది. నాన్న కట్టిన మొక్కలు చుట్టుపక్కల పది ఊళ్ళలో ఉన్నాయి, అందరూ ఇంటి మీదికి వస్తారు. ఇవన్నీ వరసగా, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పింది.

"ఎప్పటి నుంచి చదువుతున్నావక్కా నా డైరీ?" అన్నాను.

"మొదటి నుంచీ," అంది. "నీ తప్పులు దిద్దాలని అనిపించేది."

నేను ఖాళీ డైరీ అక్కడే వదిలేసి బయటికి వచ్చాను. ఖాళీ అంటున్నాను గానీ, అయిదు పేజీలే గదా పోయినవి.

అప్పటికి మధ్యాహ్నం వాలింది. మా పేట దాటి, మిరప నారుమళ్ళ గట్టు మీదుగా బుడాన్ మావయ్య ఇంటి వైపు నడిచాను. ఎక్కడో గొడ్డలి చప్పుడు వినపడుతోంది. ఎవరో వంటచెరుకు కొట్టుకుంటున్నారనుకున్నాను. దారి పొడవునా ఒకే మాట లోపల లోపల చెప్పుకుంటూ వెళ్ళాను. మొక్కలు పంపొద్దు మావయ్యా, నేను అబద్ధం ఆడాను. మొక్కలు పంపొద్దు మావయ్యా, నేను అబద్ధం ఆడాను. బళ్ళో పద్యం వల్లించినట్టు వల్లించాను, మధ్యలో ఆగిపోకూడదని.

తలుపు తీసింది జోహరా. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మావయ్యతో మాట్లాడాలన్నాను. ఇప్పుడు కాదంది.

"ఆ మొక్కలు ఫారానివి కాదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "చర్చి చెట్టువి. మీ తోటవీ, దొడ్లో ఉన్నవీ. తెగులు ఆ చెట్టుదే. సోమవారం ట్రాక్టరు పంపొద్దని చెప్పు."

జోహరా నన్ను చూసింది. ఎవరు చెప్పారంది. నేనే చుట్టానన్నాను. డైరీలో రాసుకున్నానన్నాను. ఏదీ చూపించు అంది. పేజీలు లేవన్నాను. చెబుతుంటేనే ఆ మాట ఎంత దొంగమాటలా ఉందో తెలిసింది.

"చెట్టు ఉంది గదా," అన్నాను. "వచ్చి చూడండి. పుల్లలు కోసిన గాట్లు కొమ్మకొమ్మకీ ఉన్నాయి."

"ఏ చెట్టు?" అంది జోహరా. "ఆ వినపడేది ఏమిటనుకున్నావు? జీపు వెళ్ళిన కాడి నుంచి మీ నాన్న సంఘాన్ని ఒప్పించి, మనుషుల్ని పెట్టి దాన్ని కొట్టిస్తున్నాడు. మా తోటలో తెగులు ఆ చెట్టుకి కూడా అంటిందంట. మా నాన్న మీ సంఘం పెద్దల ముందుకెళ్ళి, నా మూలంగా జబ్బుమనుషుల చెట్టు పోయింది, క్షమించండి అని చేతులు జోడించి వచ్చాడు. వచ్చిన కాడి నుంచి అన్నం ముట్టలేదు."

గొడ్డలి చప్పుడు ఆగింది. చాలా దూరంగా ఏదో పెద్దది నేల మీద పడిన చప్పుడు వచ్చింది.

"అబద్ధం జోహరా. అంతా అబద్ధం."

"ఏది? నువ్వు పొద్దున మా నాన్న ముఖం చూస్తూ తల ఊపిందా, ఇప్పుడు చెప్పేదా?"

నేను ముఖం చూడలేదు, చేతుల్ని చూశాను అని చెప్పబోయాను. అది జవాబు కాదని నాకే తెలుసు. లోపలి గదిలోంచి బుడాన్ మావయ్య గొంతు వినపడింది, నీరసంగా. ఎవరమ్మా వచ్చిందని అడుగుతున్నాడు. ఆయన అక్కడే ఉన్నాడు, పది అడుగుల్లో. నేను కాస్త గట్టిగా మాట్లాడితే వినపడుతుంది. మావయ్యా అని పిలవడానికి ఊపిరి తీసుకున్నాను.

జోహరా నా కళ్ళలోకే చూస్తూ, "ఎవరూ లేరు నాన్నా," అని చెప్పి, తలుపు మూసేసింది.